శ్రీ పి. జనార్దనరెడ్డిగారు

కొత్తగూడ, కొండాపూరు, మాదాపూరు అను పేర్లు వినినంతనే నేటివారికి అద్దపు మేడలు జ్ఞప్తికి వచ్చును. శేరిలింగంపల్లి మండలములోని యీ గ్రామములు శాసనసభకు ప్రతినిధిని పంపుకొనునప్పుడు మొన్నమొన్నటివరకు ఖైరతాబాదు నియోజకవర్గములో జేరియుండెను. ఆ స్థానమునుండి ఐదుమారు లెన్నికైన శ్రీ పి. జనార్దనరెడ్డిగారి చరిత్రమును మన సంఘీయులకును పోషకమహాశయులకును సంక్షేపముగా విన్నవింప బూనితిమి. జనులు వారిని పీజేఆర్ అను పొడియక్షరములతోనే పిలుచుచుండిరి.

వారు 1948 జనవరి 12వ తేదీన జన్మించిరి. కార్మికనాయకులుగా బేరొంది, 1978లో ముప్పదియేండ్ల ప్రాయమున మొదటిసారి శాసనసభలో బ్రవేశించిరి. ఆ యేడే ఆగస్టు 15న హైదరాబాదు జిల్లానుండి గ్రామీణభాగమును విడదీసి, కొండా వెంకటరంగారెడ్డిగారి పేర నూతనజిల్లా నేర్పరచిరి. దానితో కొత్తగూడవారి జిల్లా మారినదిగాని ప్రతినిధి మారలేదు. ఒక్క శాసనసభ్యుడే నగరపు బస్తీలకును, జొన్నచేల నడుమనున్న పల్లెలకును సమాధానము చెప్పవలసినవా డయ్యెను.

1983లో తెలుగుదేశపు వెల్లువలో ఈ స్థానము వారి చేజారెను. అయినను 1985లో మరల గెలిచిరి. 1989లోను, 1994లోను విజయము వారిదే. ఇందొక విశేషము గమనింపదగియున్నది. 1985, 1994 సంవత్సరములు రెండును కాంగ్రెసునకు గడ్డుకాలములు. 1994లో 294 స్థానములలో నా పక్షమునకు దక్కినవి 26 మాత్రమే. అట్టి సమయమున రాజధాని నడిబొడ్డున గెలుచుట పక్షబలముచే గాదు, గుడిసెవాసులయు గూలివారలయు నమ్మకముచేతనే యని మా యభిప్రాయము. నడుమ మంత్రిపదవియు నిర్వహించిరి. 1994 తరువాత కాంగ్రెసు శాసనసభాపక్షనాయకులై, కొద్దిమంది సభ్యులతోనే ప్రభుత్వమును నిలదీసిరి. నగరమునకు కృష్ణాజలములు రావలెనని వారు సల్పిన యాందోళనము పెద్దలకు జ్ఞాపకముండును.

ఇంతలో నియోజకవర్గపు పడమటిదిక్కు మారసాగెను. 1998 నవంబరు 22న మాదాపూరున సైబర్ టవర్సును ప్రధానమంత్రి వాజపేయిగారు ప్రారంభించిరి. మరుసటి యేట జరిగిన యెన్నికలో, కేంద్రనేరపరిశోధనసంస్థకు పూర్వము అధిపతిగానుండిన శ్రీ కె. విజయరామారావుగారు తెలుగుదేశము పక్షమున నిలిచి జనార్దనరెడ్డిగారి నోడించిరి. క్రొత్తకాలమునకు క్రొత్తమనుష్యుడని జనులు తలచిరో యేమో! ఐదేండ్లకే, 2004లో, ఆ జనులే మరల పీజేఆర్‌గారిని పిలుచుకొనిరి.

ఈ పర్యాయము స్వపక్షమే ప్రభుత్వమున నున్నను వారికి మంత్రిపదవి లభింపలేదు. వారు మిన్నకుండలేదు. పోతిరెడ్డిపాడు కాలువతూమును విస్తరింప బూనినపుడు, తెలంగాణమునకు నీటినష్టము గలుగునని స్వపక్షప్రభుత్వమునే యెదిరించిరి. పదవి నాశించువాడు చేయు పని కాదిది. దీనికై వారిని నిందించినవారును గలరు. మేము మాత్ర మీ ఘట్టమునే వారి జీవితమున మిన్నగా నెంచుచున్నాము.

2007 డిసెంబరు 28న హృద్రోగముచే హఠాత్తుగా స్వర్గస్థులైరి. అరువదియేండ్లు నిండుటకు రెండువారములు తక్కువ. 2008లో జరిగిన యుపయెన్నికలో కుమారులు శ్రీ విష్ణువర్ధనరెడ్డిగా రెన్నికైరి.

ఆ విశాలమైన నియోజకవర్గము వారి వెంటనే పోయినదనవచ్చును. పునర్విభజనచే 2009 నాటికి దానినుండి జూబిలీహిల్సు, కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి స్థానము లేర్పడెను. కొత్తగూడ శేరిలింగంపల్లిలో జేరెను. ఇందు తొలిప్రతినిధి శ్రీ ఎం. భిక్షపతియాదవుగారు. పిమ్మట 2014, 2018, 2023 సంవత్సరములలో శ్రీ అరికెపూడి గాంధీగారు ఎన్నికైరి. పెద్దదని విడదీసిన ముక్కయే 2023 నాటికి ఏడులక్షలకు మించిన ఓటర్లతో రాష్ట్రమున కెల్ల పెద్దదైనది చూచితిరా!

2025 జూన్ 28న బాహ్యవలయరహదారినుండి కొండాపూరువైపు వచ్చు క్రొత్త పైవంతెనను ముఖ్యమంత్రి శ్రీ రేవంతరెడ్డిగారు ప్రారంభించి, దానికి పి. జనార్దనరెడ్డిగారి పేరు పెట్టిరి. కొత్తగూడకు పోవువారిలో ననేకు లిప్పుడు దానిమీదుగానే వచ్చుచున్నారు.