మలుపులో పట్టా, జారుడా? - టాజియో నువొలారి కథ

(బి.యస్సి. రెండవ సంవత్సరం విద్యార్థి)

సావనీరుకు ఎవరైనా గొప్పవారి జీవితం రాసి ఇమ్మని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, నేను సి.వి. రామన్ గురించో, అల్లూరి సీతారామరాజు గురించో రాస్తానని మా రూములో అందరూ అనుకున్నారు. మాది హుకుంపేట దగ్గర పల్లె గనుక రెండవది మరీ సహజం. కాని నేను రాస్తున్నది ఇటలీ దేశపు కారు పందెగాడొకడి గురించి. ఎందుకో ముందు చెప్పుకోవాలి.

మాది వ్యవసాయ కుటుంబం. కొండవాలున కొంచెం పసుపు, రాజ్‌మా, చోళ్ళు, పైన కాస్త కాఫీ. మా అన్న జీపు తోలుతాడు. సంతలకు మనుషుల్నీ మూటల్నీ చేరేస్తాడు. మలుపులో బండి వెనక భాగాన్ని కొంచెం జారనిస్తే తొందరగా తిరుగుతుందనీ, బ్రేకు తొక్కి మెల్లగా తిప్పేవాళ్ళు పిరికివాళ్ళనీ అతని సిద్ధాంతం. కిందటేడు వానల్లో అలాగే జారనిచ్చాడు. జారిన బండి ఆగలేదు, రాతికట్టకు కొట్టుకుని నిలబడింది. వెనక పసుపు బస్తాల మీద కూర్చున్న మా నాన్నకు మెడ కింది ఎముక విరిగింది. కట్ట లేకపోతే ఈ వ్యాసమే లేదు. అప్పట్నుంచి అన్నకూ నాకూ మాటల్లేవు.

అతని సిద్ధాంతం తప్పని ఫిజిక్సుతో నిరూపిద్దామని లైబ్రరీలో కూర్చున్నాను. అక్కడ తగిలాడు నువొలారి. నా కేసంతా తారుమారు చేసేశాడు.

టాజియో నువొలారి 1892 నవంబరు 16న ఉత్తర ఇటలీలో మాంటువా నగరం దగ్గర కాస్టెల్ డారియో అనే ఊళ్ళో పుట్టాడు. వాళ్ళదీ వ్యవసాయమే, కాకపోతే మాకంటే భూమి బాగా ఎక్కువ. పినతండ్రి జుసెప్పె పేరుమోసిన సైకిలు పందెగాడు. కుర్రవాడికి పందెం పిచ్చి అక్కడే అంటింది కాబోలు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో డ్రైవరుగా పనిచేశాడు. 1920లో మోటారు సైకిలు పందేల్లో దిగేటప్పటికి ఇరవై ఏడేళ్ళు దాటాయి. మనిషి పొట్టి, బక్కపలచన. చూస్తే పందెగాడని ఎవరూ అనుకోరు.

1925లో మోంజాలో ఆల్ఫా రోమియో కారు నడిపి చూపిస్తూ పెద్ద ప్రమాదం చేసుకున్నాడు. ఒళ్ళంతా కట్లు. మంచం దిగడానికి వీల్లేదన్నారు డాక్టర్లు. ఈయన కొద్దిరోజులకే ఆ కట్లతోనే అదే మోంజాలో మోటారు సైకిలు పందేనికి వచ్చాడు. పక్కవాళ్ళు ఎత్తి బండి మీద కూర్చోబెట్టారట. గెలిచాడు! ఇది చదివి నాకు మెచ్చుకోలు కంటే కోపం ఎక్కువ వచ్చింది. ఇంట్లో భార్య ఉంది, పసివాడు ఉన్నాడు.

తరువాత కార్లు. 1930లో మిల్లె మిల్యా అనే వెయ్యి మైళ్ళ పందేన్ని గంటకు సగటున వంద కిలోమీటర్లు దాటించి గెలిచిన మొదటివాడు. 1931, 1932లలో సిసిలీ కొండల్లోని టార్గా ఫ్లోరియో, 1933లో రేమండ్ సొమ్మెర్‌తో కలిసి లె మాన్స్. 1932లో దానున్‌జియో అనే కవి ఆయనకు బంగారు తాబేలు కానుక ఇచ్చాడు. అందరికంటే వేగంగా పోయేవాడికి అన్నిటికంటే మెల్లగా నడిచే జంతువన్నమాట. నువొలారి దాన్నే తన గుర్తుగా పెట్టుకున్నాడు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 1931లో ఎన్‌జో ఫెరారీ (ఇప్పటి ఫెరారీ కార్లకు మూలపురుషుడే) ఒక కొండదారి పందేనికి ముందు నువొలారి పక్కన కూర్చుని వెళ్ళాడు. మొదటి మలుపులోనే బండి గుంటలో పడుతుందని భయపడ్డాడట. నువొలారి అందరికంటే ముందుగానే బండి ముక్కును లోపలి అంచు వైపు తిప్పేసి, యాక్సిలరేటరు మీంచి కాలు తియ్యకుండా నాలుగు చక్రాలనూ కలిపి జారనిచ్చాడు. బయటికి తోసే బలాన్ని ఇంజను లాగే బలంతో సరితూచాడు. మలుపు అయ్యేసరికి బండి ముక్కు తిన్నగా రోడ్డు వైపే ఉంది, మళ్ళీ తిప్పే పనే లేదు. నాలుగు చక్రాల జారుడును కనిపెట్టింది ఈయనేనని ఫెరారీ నమ్మకం.

అంటే మా అన్నే రైటా? రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

మిత్రులారా, లెక్క చూడండి. మలుపులో బండిని లోపలికి లాగి ఉంచేది టైరుకూ రోడ్డుకూ మధ్య ఘర్షణ ఒక్కటే. వ్యాసార్థం 15 మీటర్లు, ఘర్షణ గుణకం 0.7 అనుకుంటే, గంటకు 36 కిలోమీటర్ల దాకా పోవచ్చు. వాన పడి గుణకం 0.4కు దిగితే 28 కూడా రాదు. లెక్కలో బండి బరువు కొట్టుకుపోతుంది, బస్తాలున్నా లేకున్నా అంతే (బోల్తా పడడం వేరే సంగతి). అయితే టైరు రాయి కాదు, రబ్బరు. అది చూసే దిక్కుకూ పోయే దిక్కుకూ మధ్య కొంచెం కోణం ఉంటేనే పక్కకు పట్టు పుడుతుంది. కోణం పెరిగే కొద్దీ పట్టు పెరిగి, ఒక చోట శిఖరం చేరి, తరువాత పడిపోతుంది. ఆ కాలపు సన్నని టైర్లకు ఆ శిఖరం పెద్ద కోణం దగ్గర ఉండేది. కాబట్టి నువొలారి జారుడు పట్టు వదిలెయ్యడం కాదు, పట్టు చివరి గింజ దాకా ఏరుకోవడం. ఇప్పటి రేడియల్ టైర్లకు తారురోడ్డు మీద కొద్ది డిగ్రీలకే శిఖరం వచ్చేస్తుంది. అది దాటి తోక ఆడిస్తే చూడముచ్చటే గాని వేగం తగ్గుతుంది. వదులు గులక, మట్టి దారుల్లో మాత్రం వేరు. జారే టైరు ముందు మట్టి పోగుపడి అదే ఆసరా ఇస్తుంది గనుక అక్కడ జారుడుకే మొగ్గు. మా అన్న పొరపాటు ఏమిటంటే, పై ఊళ్ళ మట్టిదారిలో నేర్చిన విద్యను తడిసిన తారు మీద వాడడం.

1935 జూలై 28. జర్మనీలో నూర్బర్గ్‌రింగ్. ఒక చుట్టు 22.8 కిలోమీటర్లు, అలాంటివి 22 చుట్లు, అడుగడుగునా మలుపులు. మన ఘాట్ రోడ్డునే ఉంగరంలా చుట్టేశారనుకోండి. ఎదురుగా మెర్సిడిస్, ఆటో యూనియన్ కంపెనీల తొమ్మిది కార్లు, వెనక హిట్లర్ ప్రభుత్వపు డబ్బు. నువొలారికి నలభై రెండేళ్ళు. చేతిలో పాతబడిన ఆల్ఫా. శక్తిలో దానికీ జర్మను బండ్లకూ పోలికే లేదు. మధ్యలో పెట్రోలుకు ఆగితే పంపు చెడిపోయింది. డబ్బాలతో పోశారు. 2 నిమిషాల 14 సెకన్లు పోయాయి. అయినా తడి మలుపుల్లో ఒక్కొక్కణ్ణీ దాటుకుంటూ రెండవ స్థానానికి వచ్చాడు. చివరి చుట్టు మొదలయ్యేటప్పటికి ముందున్న ఫాన్ బ్రాఖిచ్‌కు ఇంకా అర నిమిషం పైన ఆధిక్యం ఉంది. కాని అతను టైర్లను అరగదీసే మనిషి. ఆ చుట్టులోనే అతని టైరు పేలింది. నువొలారి గెలిచాడు. తేలిక బండి కావడం కలిసొచ్చిందనేది నిజమే గాని, జారేవాడి టైర్లు నిలిచి వెనక వాడి భయానికి తోలినవాడి టైరు పోవడం నేను ఊహించనిది.

1937లో పెద్ద కొడుకు జోర్జియో, 1946లో రెండవవాడు అల్బెర్టో జబ్బుచేసి పోయారు. ఇద్దరికీ పద్దెనిమిదేళ్ళే. ఆయనకూ పొగ పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఐనా మానలేదు. 1948 మిల్లె మిల్యాలో బండి నుంచి ఒక్కొక్క రేకే ఊడిపోతున్నా చాలాదూరం ముందు నడిచి, చివరికి ఆగిపోయాడు. 1950 ఏప్రిల్‌లో సిసిలీలో పాలెర్మో నుంచి మోంటె పెల్లెగ్రీనో కొండ ఎక్కే పందెం ఆయనకు ఆఖరిది. అదీ ఒక ఘాట్ రోడ్డే! యాభై ఏడేళ్ళ వయసులో తన తరగతిలో మొదటివాడిగా వచ్చాడు. 1953 ఆగస్టు 11న పక్షవాతంతో మాంటువాలో చనిపోయాడు. పసుపు జెర్సీ, నీలం ప్యాంటు, ఆ పందెపు దుస్తుల్లోనే సమాధి చేశారు.

మొన్న సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు, నాన్న వింటుండగా, ఇదంతా అన్నకు చెప్పాను. కోణం, శిఖరం, గుణకం అన్నీ నేల మీద బొగ్గుతో గీసి చూపించాను. అతను మధ్యలో ఏమీ అనలేదు. అంతా అయ్యాక, ఆ నువొలారికి టైర్లు కొనిపెట్టేది ఎవరని ఒకే ప్రశ్న అడిగాడు. కంపెనీ వాళ్ళని చెప్పాను. అప్పుడు లేచి వెళ్ళి చూశాను. జీపు వెనక టైర్లు రెండూ అరచేయిలా నున్నగా ఉన్నాయి. ఎండిన తారు మీద నున్నటి టైరు అంత చెడ్డదేం కాదు గాని, తడిలో నీరు పోయే దారి ఉండదు. పోయిన వానలకీ అవే టైర్లట. ఆ ఏడు నా హాస్టలు ఫీజు కట్టాల్సి వచ్చి కొత్తవి వెయ్యలేదని అమ్మ చెప్పింది, అన్న చెప్పలేదు.