మూడుసార్లు వచ్చిన మనిషి – ఫాదర్ హయ్యర్

వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి ఇవ్వమని తమ్ముళ్లు అడిగితే, మేము ముందు డా. అంబేద్కర్ గారి గురించి గానీ, జాషువా గారి గురించి గానీ రాద్దామనుకున్నాం. కానీ వారి జీవితాలు మన హాస్టలు గోడల మీదే ఉన్నాయి. ప్రతి సంచికలోనూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. అందుకని ఈసారి మన గోదావరి ఒడ్డుకే వచ్చి పనిచేసిన ఒక ముసలాయన గురించి రాస్తున్నాం. మనలో ఆదివారం చర్చికి వెళ్లేవాళ్లు ఆయన పేరు విని ఉంటారు. వెళ్లనివాళ్లు కూడా ఆయన జీవితం నుండి నేర్చుకోవలసింది ఉంది.

ఆయన పూర్తి పేరు జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్. 1793 జులై 10న జర్మనీలోని హెల్మ్‌స్టెట్ పట్టణంలో పుట్టారు. తండ్రి జంతు చర్మాలతో దుస్తులు కుట్టే పనివాడు. నెపోలియన్ యుద్ధాల కాలంలో, 1807లో, పధ్నాలుగేళ్ల పిల్లవాణ్ణి అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఉన్న మేనమామ దగ్గరకు పంపేశారు. మనలో చాలామందిమి పదేళ్లకే ట్రంకు పెట్టె పట్టుకుని ఇల్లు వదిలి హాస్టలుకు వచ్చినవాళ్లమే. కాబట్టి ఆ పిల్లవాడి మనసు ఎలా ఉండి ఉంటుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

అక్కడే చదువుకుని, 1820లో పాదిరిగా అభిషేకం పొందారు. గుర్రం మీద ఊరూరా తిరిగి పల్లెల్లో సంఘాలు కట్టారు, ఆదివారపు బడులు నడిపారు. 1839లో భార్య మేరీ చనిపోయింది. పిల్లలు పెద్దవాళ్లవుతున్నారు. ఎవరైనా ఇక స్థిరపడదామనుకునే వయసు అది. ఆయన మాత్రం 1841 అక్టోబరులో బోస్టన్ రేవులో ఓడ ఎక్కి, నెలల తరబడి ప్రయాణం చేసి, 1842 జులై 31న గుంటూరు చేరారు. అప్పటికి ఆయనకు నలభై తొమ్మిదేళ్లు నిండాయి. గుంటూరు కలెక్టరు హెన్రీ స్టోక్స్ ఆయనకు ఆశ్రయం ఇచ్చారు. అది కంపెనీ పాలన కాలం. ఆ పాలన నీడ కూడా ఆ పని మీద ఉందన్న మాట మనం దాచుకోనక్కరలేదు. అయితే హయ్యర్ గారు తెలుగు నేర్చుకుని, బడులు తెరిచి, ఆడపిల్లలకు కూడా చదువు చెప్పించడం మొదలుపెట్టారు. అది ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

ఆరోగ్యం దెబ్బతిని ఆయన అమెరికాకు తిరిగి వెళ్లారు. మమ్మల్ని ఎక్కువగా కదిలించినది ఆ తర్వాత జరిగిన సంగతి. జబ్బుతో అల్లాడే జనానికి వాక్యం ఒక్కటే చెబితే చాలదని ఆయనకు ఇక్కడ అర్థమైంది. బాల్టిమోరులో కుర్రవాళ్ల పక్కన కూర్చుని వైద్యం చదివి 1847లో పట్టా తీసుకున్నారు. అప్పటికి యాభై మూడేళ్లు దాటాయి! మాకు డిగ్రీ అయ్యాక ఒక ఏడాది చదువు ఆగిపోయింది. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదటివాళ్లం కాబట్టి సలహా చెప్పేవాళ్లు లేరు. ఇంక చాల్లే, వయసు మీద పడుతోంది, పనిలోకి వెళ్లమని చుట్టుపక్కల వాళ్లన్నారు. ఇరవై ఒక్క ఏళ్లకే వయసైపోయిందని మేమూ నమ్మాం. ఈయన సంగతి అప్పుడే తెలిసి ఉంటే నమ్మేవాళ్లం కాదు.

1848లో రెండోసారి వచ్చి పల్నాడులోని గురజాలలో కాపురం పెట్టారు. ఎండ, జ్వరాలు, దారీ తెన్నూ లేని ఊళ్లు. అక్కడ ఆయన మాట విని వచ్చినవారిలో ఊరి బయట పేటల్లో ఉండేవారే ఎక్కువ. 1857లో మళ్లీ అమెరికా వెళ్లి, మిన్నెసోటాలో సంఘాలను కూడగట్టి, 1860లో అక్కడి సినడుకు మొదటి అధ్యక్షుడయ్యారు.

ఇక మన రాజమండ్రి సంగతి. ఉత్తర జర్మనీ మిషనరీ సంఘం 1840లలో రాజమండ్రిలో ప్రారంభించిన పనిని తర్వాత అమెరికా లూథరన్లు తీసుకున్నారు. 1861 నుండి 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధం. డబ్బు రావడం తగ్గింది. దానికి తోడు అక్కడి లూథరన్లలోనే చీలిక వచ్చింది. 1869 నాటికి రాజమండ్రి పనిని వేరే మిషనరీ సంఘానికి అప్పగించేద్దామని నిర్ణయం దాకా వచ్చారు. జర్మనీలో ఉన్న హయ్యర్ గారికి ఈ కబురు తెలిసింది. సముద్రం దాటి వచ్చి పెన్సిల్వేనియాలోని రీడింగ్ పట్టణంలో జరిగిన సభలో నిలబడ్డారు. దీన్ని వదలవద్దు, ఎవరూ లేకపోతే నేనే వెళతానన్నారు. ఎప్పుడు బయలుదేరగలరని అడిగితే చేతిలో ఉన్న సంచి చూపించి ఇప్పుడే సిద్ధం అన్నారని చెబుతారు. అప్పగింత ఆగిపోయింది.

1869 డిసెంబరు 1న రాజమండ్రి చేరారు. వయసు డెబ్బై ఆరు. అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట ఉంది గానీ గోదావరి మీద రైలు వంతెన లేదు. చెదిరిన సంఘాన్ని ఆ వయసులో మళ్లీ కూర్చారు. 1870లో ష్మిట్ అనే యువ మిషనరీ వచ్చారు. పని ఆయన చేతిలో పెట్టి 1871లో హయ్యర్ గారు వెళ్లిపోయారు. తాను నిలబెట్టిన పని కదా అని పట్టుకుని కూర్చోలేదు. తర్వాతి కాలంలో ఆ పని తాళ్లపూడి, భీమవరం, సామర్లకోటల వైపు పెరిగింది. కుర్చీల కోసం సంఘాలు రెండు ముక్కలయ్యే ఈ రోజుల్లో ఈ ఒక్క విషయం తలుచుకుంటే చాలు. 1873 నవంబరు 7న, ఎనభై ఏళ్ల వయసులో, ఫిలడెల్ఫియాలో ఆయన కన్నుమూశారు.

ఇంత కష్టం ఎందుకు పడ్డారు? పుణ్యం కోసమా? లూథరన్ బోధ ప్రకారం అలా కాదు. మనిషి పాపానికి ప్రాయశ్చిత్తం క్రీస్తు సిలువ మీద ఒక్కసారే, అందరికోసం జరిగిపోయింది. దానికి మనం కట్టవలసిన వెల ఏమీ మిగల్లేదు. మనిషి చేసే మంచి పని బాకీ తీర్చడం కాదు, కృతజ్ఞత మాత్రమే. బాకీ అయితే తీరగానే మానేస్తాం. కృతజ్ఞతకు ముగింపు ఉండదు. ఆయన మూడుసార్లు రావడానికి కారణం ఇదేనని మాకనిపిస్తుంది.

తమ్ముళ్లారా, ఈ హాస్టలు మనకు ఎవరో వేసిన భిక్ష కాదు, మన పెద్దలు పోరాడి తెచ్చిన హక్కు. ఎవరికీ బాకీ లేము. అయినా మేము పదో తరగతి అయ్యి వెళ్లిపోయాక ఏడేళ్లలో ఇక్కడికి వచ్చింది రెండేసార్లు. ఒకసారి సంతకం కోసం, ఒకసారి వార్షికోత్సవం భోజనానికి. ఏడో తరగతి పిల్లవాడు లెక్క రాక మెస్సు వరండాలో ఒంటరిగా కూర్చుని ఉంటే పక్కన కూర్చోలేదు. డెబ్బై ఆరేళ్ల ముసలాయన సముద్రాలు దాటి వచ్చాడు. మాకు బస్సు ఎక్కితే పూట ప్రయాణం.

ఈ వేసవి సెలవుల్లో వస్తున్నాం. పదో తరగతి సప్లిమెంటరీ రాసేవాళ్లు పుస్తకాలు సిద్ధంగా పెట్టుకోండి. లెక్కలు మేము చెబుతాం. పాత విద్యార్థులు ఎవరైనా మాతో కలిసి వస్తే మరీ సంతోషం.