అక్షరముల వేటకాడు లూయిస్ కెరోల్

కుందేటి బొఱియలో పడి వింతలోకమును జూచిన ఆలిసు కథను మన పై తరగతుల పిల్లలు వినియే యుందురు. దానిని వ్రాసిన లూయిస్ కెరోల్ అసలు పేరు చార్లెస్ లట్విడ్జ్ డాడ్జ్‌సన్. ఈయన కథకుడని లోకమెఱుగును. ఇచ్చిన యక్షరములు గల యింగ్లీషు మాటను వెదకి పట్టు నాటను కల్పించినవాడు కూడ నీయనయే యని యెఱిగినవారు కొలదిమంది. మేమీ చరిత్ర వ్రాయుట ముఖ్యముగా నా యాట కొఱకే.

ఈయన 1832వ సంవత్సరము జనవరి 27వ తేదీన ఇంగ్లండులోని చెషైరు సీమలో డేర్స్‌బరీ గ్రామమున నొక పాదిరిగారి యింట జన్మించెను. పదునొకండుగురు బిడ్డలలో మూడవవాడు, మగపిల్లలలో పెద్దవాడు. తోబుట్టువుల వినోదమునకై చేతివ్రాత పత్రికలు నడపుచుండెను. బుద్ధి చుఱుకైనది గాని నాలుక వశమగునది కాదు. నత్తి యాయనను కడవఱకు విడువలేదు. రగ్బీ పాఠశాలలో గడపిన మూడేండ్లును ఆయనకు చేదు జ్ఞాపకములే. 1851లో ఆక్స్‌ఫర్డు నందలి క్రైస్ట్ చర్చి కళాశాలలో ప్రవేశించిన రెండు దినములకే తల్లి మరణవార్త వచ్చెను.

1855 మొదలు 1881 వఱకు అచ్చటనే గణితోపన్యాసకుడు. ఆయన పాఠములు చప్పగా నుండెడివని శిష్యులు చెప్పుకొనిరట. ఉపాధ్యాయులమైన మాకిది కొంత యూరట గలిగించు సంగతి. 1861లో డీకను పట్టము పొందెను గాని గురుపట్టమునకు పోలేదు. అందులకు నత్తియు నొక కారణమందురు. 1862 జూలై 4వ తేదీన పడవ షికారులో ముగ్గురు బాలికలకు చెప్పిన కథయే 1865లో పుస్తకమై ఆయన పేరును నలుదెసల వ్యాపింప జేసెను.

1877 క్రిస్మసు దినములలో, ప్రొద్దుపోక విసిగిన యిద్దఱు బాలికల కొఱకు, ఒక్కొక్క యక్షరమును మార్చుచు ఒక మాటను మఱియొక మాటగా జేయు క్రీడను కల్పించెను. అందు 'హెడ్' అను తల అయిదు మార్పులలో 'టెయిల్' అను తోకయగును. ఆ పిమ్మట నాలుగైదేండ్లకు మేము చెప్పదలచిన యాట వెలువడెను. దానికి తన చేతివ్రాత పత్రికలలో నొకదాని పేరే పెట్టెను: మిష్‌మాష్.

విధానమిది. ఒకరు రెండు గాని అంతకు మించి గాని యక్షరములను చెప్పుదురు. అవి యదే వరుసలో, ఎడములేక, ఎచ్చటనైన నుండు మాటను రెండవవారు చెప్పవలెను. జీ, పీ యనిన 'మాగ్‌పై', అనగా కాకి జాతి పక్షి యొకటి. ఈ, ఎం, ఓ యనిన 'లెమన్', నిమ్మపండు. ఐ, ఎం, ఎస్, ఈ యనిన చాలమంది తెల్లబోవుదురు. 'హిమ్‌సెల్ఫ్' అను నిత్యము వాడు మాటలోనే యవి దాగియున్నవి. మనవారి యవధానములలో న్యస్తాక్షరి గలదు గదా! అందు చెప్పినచోట చెప్పిన యక్షరము నిలిపి పద్యము పూరింతురు. ఇది దాని చిన్న చెల్లెలు.

వెదకుటకు నొక కిటుకు గలదు. జీ, పీ పక్కపక్కన నొక ధ్వనిగా పలుకవు; కాన ఒకటి ముందు భాగపు తుదను, రెండవది తరువాతి భాగపు మొదటను నుండవలెను. సంధి విడదీయుట నేర్చిన తెలుగు పిల్లలకు అతుకును కనిపెట్టుట కష్టము కాదు. చెవిని మాత్రము నమ్మరాదు. తెలుగున వ్రాసినదెల్ల వినబడును. ఇంగ్లీషున నట్లు గాదు. ఎం, బీ యడిగినప్పుడు 'లాంబ్' అను గొఱ్ఱెపిల్లయు, కొండనెక్కుట యను నర్థముగల 'క్లైంబ్'ను గలవు. రెంటను తుదినున్న బీ పలుకదు. కంటితో జూచినవానికే యవి దొరకును.

మా కొయ్యూరు కొండల బిడ్డలలో కొందఱి యింటి భాష వేఱు. బడిలో తెలుగు, ఆపైన నీ ఇంగ్లీషు. చదువుమనిన నోరు విప్పని బాలుడొకడు మా తరగతిలో నుండెను. ఒకనాడు డబ్ల్యూ, కే యను నక్షరములను నల్లబల్లపై వ్రాసితిమి. ఇంగ్లీషున మొదటివారనిపించుకొనువారు దిక్కులు చూచుచుండగా, వాడు లేచి మాటాడక బల్లకడకు వచ్చి 'హాక్' అని వ్రాసెను. డేగ! తరగతి యంతయు చప్పట్లు కొట్టెను. పిమ్మట దానిని పైకి చదువుమని మేమడుగలేదు, వాడే చదివెను.

కెరోల్‌కు రాత్రులు నిదుర పట్టెడిది కాదు. దీపము వెలిగింపకయే వ్రాసికొనుటకు 1891లో చదరపు రంధ్రములు పదునాఱు గల అట్టనొకదానిని, దానికై చుక్కలతోను గీతలతోను నొక ప్రత్యేక లిపిని కల్పించుకొనెను. 1898 జనవరి 14వ తేదీన గిల్డ్‌ఫర్డులో సోదరీమణుల యింట రొమ్ముజబ్బుతో మరణించెను. అప్పటికి వయస్సు అఱువదియైదు. 1861 మొదలు తాను వ్రాసిన, తనకు వచ్చిన జాబుల కెల్ల ఆయన వరుస సంఖ్యలు వేయుచుండెను. కడపటి సంఖ్య 98,721.