క్షయక్రిమిని మచ్చిక చేసిన ఆల్బర్ట్ కాల్మెట్

పసిబిడ్డల ఎడమ భుజమునకు వేయు బి.సి.జి. టీకాను ఎఱుగని తల్లులు మన గ్రామములలో అరుదు. ఆ పేరులోని రెండవ అక్షరము కాల్మెట్ మహాశయునిది. మూడవది ఆయన సహచరుడగు కమీల్ గెరాన్‌ది.

ఆల్బర్ట్ కాల్మెట్ 1863 జులై 12వ తేదీన ఫ్రాన్సు దేశమందలి నీస్ నగరమున జన్మించెను. నౌకాదళ వైద్యుడై దూరదేశములు తిరిగెను. 1891లో సైగాన్ నగరమున పాశ్చర్ పరిశోధనాలయమును స్థాపించి, నాగుబాము విషమునకు విరుగుడు కనుగొను కృషి నారంభించెను. 1895లో లీల్ నగరపు పాశ్చర్ సంస్థకు అధిపతి యయ్యెను. అది నేతమిల్లుల పట్టణము. ఇఱుకిండ్లలో కాపురముండు కార్మికులను క్షయ పీడించుచుండెను. వారికొఱకు ఆయన 1901లో క్షయ నివారణ కేంద్రమును తెఱచెను.

చికిత్సకంటె నివారణము మేలని తలచి, ఆయన పశువైద్యుడైన గెరాన్‌తో కలిసి 1908లో ఒక దీర్ఘతపస్సునకు పూనుకొనెను. పశువులకు క్షయ కలిగించు క్రిమిని, ఎద్దు పిత్తరసమును గ్లిసరినును చేర్చిన బంగాళాదుంప ముక్కలపై పెంచి, మూడేసి వారములకొకసారి క్రొత్త ముక్కలపైకి మార్చుచు వచ్చిరి. మొదటి ప్రపంచయుద్ధమున లీల్ జర్మనుల వశమైనను పని నిలువలేదు. 13 ఏండ్లలో 230 మార్పులు జరిగెను. క్రిమి బ్రతికియే యుండెను. రోగము కలిగించు శక్తి మాత్రము నశించెను.

అట్టి క్రిమివలన మేలెట్లు? మన శరీరమందలి భక్షక కణములు రోగక్రిములను మ్రింగును. క్షయక్రిమి మాత్రము ఆ కణముల కడుపులోనే దాగి బ్రతుకగలదు. అపుడు టి కణములను మఱియొక తెగ కావలివారు సంకేతము నంపి, మ్రింగిన కణమునకు క్రిమిని చంపు బలము నిత్తురు. సాధువైన క్రిమిని ముందే చూపి ఈ కావలివారికి శిక్షణ నిచ్చుటయే టీకా చేయు పని.

1921లో పారిస్ నగరమున, క్షయచే తల్లిని కోల్పోయిన శిశువునకు దీనిని తొలుత నోటిద్వారా ఇచ్చిరి. బిడ్డ క్షయవాతఁ బడలేదు. కాని 1930లో జర్మనీలోని లూబెక్ పట్టణమున టీకా పొందిన సుమారు 250 మంది శిశువులలో 70 మందికి పైగా మరణించిరి. లోకమెల్ల కాల్మెట్‌ను నిందించెను. అచ్చటి ప్రయోగశాలలో బలమైన క్షయక్రిములు టీకామందులో కలిసినవని విచారణలో తేలెను. టీకా నిర్దోషియైనను ఆ దుఃఖము వృద్ధ శాస్త్రజ్ఞుని క్రుంగదీసెను. 1933 అక్టోబరు 29న ఆయన దివంగతుడయ్యెను.

మన దేశమున 1948లో ఈ టీకాను వేయనారంభించిన తొలి తావులలో మదనపల్లె యొకటి. ఇది పసివారిని మెదడు పొరలకు సోకు క్షయవంటి ఘోరరూపములనుండి కాపాడును. పెద్దల ఊపిరితిత్తుల క్షయకు మాత్రము నమ్మదగిన రక్షణ కాదు. కావున బిడ్డకు టీకా వేయించుట యెంత ముఖ్యమో, రెండు వారములు మించి దగ్గు విడువని పెద్దలు కఫపరీక్ష చేయించుకొనుటయు అంత ముఖ్యము. ఆ మహనీయునికి మనము చెల్లింపగల ఋణమిదియే.