వస్తువులు వియన్నాకు.. సమాధి మార్లవాయిలో
గోండుల ఆప్తుడు హైమన్‌డార్ఫ్ జీవిత కథ

జైనూరు మండలం మార్లవాయి గ్రామంలో రెండు సమాధులు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి ఆస్ట్రియా దేశంలో పుట్టిన మానవశాస్త్ర పండితుడు హైమన్‌డార్ఫ్‌ది. రెండోది ఆయన సతీమణి బెట్టి ఎలిజబెత్‌ది. ఏటా జనవరిలో చుట్టుపక్కల గూడేల గోండులు, కొలాములు, పర్ధానులు అక్కడికి చేరి తమ ఆచారం ప్రకారం ఆ దంపతులకు పూజలు చేస్తారు. గిరిజనుల వస్తువులు సేకరించడానికి మన దేశానికి వచ్చిన ఒక దొరబిడ్డ చివరకు ఈ మట్టిలోనే ఎందుకు కలిశారన్నది నేటి యువకులు తెలుసుకోదగిన విషయం.

క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909 జూన్ 22న వియన్నా నగరంలో ఉన్నత వంశంలో జన్మించారు. వియన్నా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం చదివారు. అస్సాం, బర్మా కొండజాతుల మీద 1931లో పరిశోధన పత్రం రాసినా, అప్పటికి ఆ కొండలను ఆయన కళ్లతో చూడలేదు. ఆ లోటు తీర్చుకోవడానికి 1936లో నాగా కొండలకు వచ్చారు.

నాగా కొండల్లో సేకరణ

కొన్యక్ నాగాల వాక్చింగ్ గ్రామంలో ఆయన మకాం పెట్టారు. ఏడాదికి పైగా ఆ కొండల్లో తిరిగారు. ఈటెలు, కత్తులు, పూసల దండలు, నేత బట్టలు, వెదురు బుట్టలు, చెక్క బొమ్మలు సేకరించి వియన్నా మ్యూజియానికి చేర్చారు. నేడు వెల్ట్ మ్యూజియం అని పిలిచే ఆ సంస్థలో అవి ఇప్పటికీ ఉన్నాయి.

ఇలాంటి సేకరణలో రెండు రకాల మనుషులు కనిపిస్తారు. అందంగా ఉందని కొని, గోడకు తగిలించి, తర్వాత ఎక్కువ ధరకు అమ్ముకునేవారు ఒక రకం. వస్తువుతో పాటు దాని పేరు, ఊరు, చేసిన కులం, వాడే సందర్భం రాసుకునేవారు రెండో రకం. హైమన్‌డార్ఫ్ రెండో రకానికి చెందినవారు. అయినా ఆ రోజుల్లో ఒక కొండ మీది వస్తువులు సముద్రం దాటి పోతే, అక్కడి పిల్లలు తమ తాతల పనితనం చూడాలంటే దూరదేశం పోవలసిందే. ఈ చిక్కు నేటికీ ఆ మ్యూజియాలను వదలలేదు.

యుద్ధం తెచ్చిన మలుపు

1938లో ఆంగ్ల వనిత బెట్టిని వివాహం చేసుకుని మరుసటి ఏడాది మళ్లీ ఇండియాకు వచ్చారు. అంతలో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. దాంతో బ్రిటిష్ ప్రభుత్వం ఆయనను శత్రుదేశస్థుడిగా పరిగణించి, హైదరాబాద్ సంస్థానం దాటి పోరాదని కట్టడి చేసింది. ఆ కట్టడే తెలంగాణ గిరిజనులకు మేలైంది. 1940లో ఆయన అమ్రాబాద్ అడవుల్లో చెంచుల మధ్య గడిపారు. ఆపైన గోదావరి గట్ల మీది కొండరెడ్ల దగ్గరికి వెళ్లారు. బెట్టి ప్రతి చోటికీ వెంట నడిచారు.

అదే 1940లో జోడేఘాట్ కొండల్లో కొమరం భీమ్, ఆయన సహచరులు నిజాం పోలీసుల తుపాకులకు బలయ్యారు. అడవిని రిజర్వు చేసి గూడేలను ఖాళీ చేయించడం, చదువు రాని గోండు దున్నిన భూమికి బయటివారు పట్టాలు చేయించుకోవడం, పశువుల మేతకు, కట్టెకు రుసుములు గుంజడం ఆ తిరుగుబాటుకు కారణాలు. తుపాకితో అణచినా కడుపుమంట చల్లారదని గ్రహించిన నిజాం ప్రభుత్వం గోండుల స్థితిగతులు తెలుసుకునే పనిని హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. రెవెన్యూ వ్యవహారాలు చూసే గ్రిగ్సన్ ఆయనకు అండగా నిలిచారు.

మార్లవాయిలో గుడిసె

1941లో ఆదిలాబాద్ అడవుల్లో పని మొదలుపెట్టిన ఆ దంపతులు మార్లవాయిలో గడ్డి కప్పిన ఇంట్లో కాపురం పెట్టారు. హైమన్‌డార్ఫ్ గోండీ నేర్చుకున్నారు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు సగల వంశాల కథలు పర్ధానుల నోట విని రాయించారు. కీక్రీ వాయిస్తూ పర్ధాను కథ చెబుతుంటే రాత్రంతా మేలుకుని విన్నారు. దండారీ ఆటలు, గుస్సాడీల నెమలి పింఛాల టోపీలు, పెర్సాపేన్ పూజలు ఫొటోలు, సినిమా రీళ్లలో పట్టారు. 1948లో ఆదిలాబాద్ రాజగోండుల మీద ఆయన గ్రంథం వెలువడింది.

పెర్సాపేన్ అంటే గోండుకు కులదైవం. ఇనుప బల్లెపు మొన, చామరం ఆ దేవుడి గుర్తులు. వాటిని ఊరి బయట భద్రపరిచి పూజల వేళ మాత్రమే బయటికి తీస్తారు. కటోడా, పర్ధాను, వంశస్థులు లేని చోట అవి ఉట్టి ఇనుము, ఉట్టి వెంట్రుకలు. నాగా కొండల్లో వస్తువులు పోగుచేసిన మనిషి ఇక్కడ ఎక్కువగా పోగుచేసింది కథలు, ఆచారాలు, బొమ్మలు. వాటికంటే ముఖ్యంగా గోండుల భూమి వివరాలు.

పట్టాలు, బడులు

ఆయన నివేదికల ఫలితంగా ప్రభుత్వం గిరిజనులకు భూమి పంచడం ప్రారంభించింది. 1940లలో ఆదిలాబాద్ జిల్లాలో 11 వేలకు పైగా గిరిజన కుటుంబాలకు సుమారు 1 లక్షా 60 వేల ఎకరాలకు పట్టాలు దక్కాయి. గోండీ నేర్చిన అధికారి సేతుమాధవరావు పగ్డీ ఈ పనిలో ఎంతో శ్రమించారు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం వెలిసింది. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు తయారయ్యాయి. అక్కడ నేర్చినవారే తమ గూడేల్లో పంతుళ్లయ్యారు. తర్వాత హైమన్‌డార్ఫ్ నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారుగా పనిచేశారు.

1949లో లండన్ విశ్వవిద్యాలయంలో చేరి 1951లో ఆచార్యులయ్యారు. నేపాల్ వెళ్లి షెర్పాల మీద గ్రంథం రాశారు. 1976లో పదవీ విరమణ చేశాక మళ్లీ మన జిల్లాకు వచ్చారు. తన హయాంలో పట్టాలు పొందిన భూములు చాలాచోట్ల చేతులు మారిపోయాయని తెలుసుకుని బాధపడ్డారు. 1970లో వచ్చిన 1/70 చట్టం ఉన్నా అది కాగితం మీదే మిగులుతోందని గ్రహించారు. 1982లో వెలువడిన గ్రంథంలో ఈ అన్యాయాన్ని ఊళ్ల వివరాలతో సహా రాశారు. అప్పటికి ఏడాది ముందే, 1981 ఏప్రిల్ 20న, ఇంద్రవెల్లిలో భూమి కోసం కదిలిన గోండులపై పోలీసు కాల్పులు జరిగాయి.

1987 జనవరిలో బెట్టి హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఆమెకు మార్లవాయిలో సమాధి కట్టారు. 1995 జూన్ 11న హైమన్‌డార్ఫ్ లండన్‌లో మరణించారు. 2012లో కుమారుడు ఆయన చితాభస్మాన్ని తెచ్చి, తల్లి సమాధి పక్కనే ఉంచారు.

మిగిలిన పని

హైమన్‌డార్ఫ్ తీసిన ఫొటోలు, రాసుకున్న డైరీలు, సినిమా రీళ్లు లండన్‌లో ఆయన పాఠాలు చెప్పిన విద్యాసంస్థలో భద్రంగా ఉన్నాయి. ఇక్కడ ఉషేగాంలో ఓజా కళాకారులు తేనె మైనంతో అచ్చు కట్టి ఇత్తడి పోసే పని నేటికీ సాగిస్తున్నారు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. మార్లవాయికే చెందిన గుస్సాడీ గురువు కనకరాజును 2021లో పద్మశ్రీ వరించింది. ఆయన 2024లో కన్నుమూశారు.

ఇంట్లో తాతల నాటి ఇత్తడి గంటో, వెండి కడియమో, కీక్రీయో ఉన్నవారు దాన్ని తూకానికి అమ్మే ముందు పెద్దవారిని కూర్చోబెట్టి దాని పేరు, కథ అడిగి రాసుకోవాలి. ఆ పని కోసమే ఒక పరదేశి మార్లవాయిలో గుడిసె వేసుకున్నాడు. ఇంటివారికి అది ఇంకా సులువు.