అమీలియా ఇయర్‌హార్ట్

హైదరాబాదు నగరమునకు ఉత్తరపు టంచున గాజులరామారము కలదు. ఒకప్పుడది పల్లె, నేడు నగరములో కలిసిపోయినది. దానికి మరికొంత ఉత్తరమున, దుండిగల్లులో, 1971వ సంవత్సరమున ప్రారంభింపబడిన వాయుసేనా విద్యాలయ మున్నది. అచ్చట విమానము నడపుట నేర్చుకొను యువకులును యువతులును నేలమీది గోపురములోని వారితో రేడియో మూలమున మాటలాడుచుందురు. ఆ రేడియో మూగబోయిన నేమి చేయుదురు? గోపురమునుండి దీపముతో సంజ్ఞ చేయుదురు. నిలుకడగా వెలుగు పచ్చదీపమునకు దిగుమనియు, ఎఱ్ఱదీపమునకు దిగక చుట్టు తిరుగుచుండుమనియు అర్థము.

బాలబాలికలారా! కనుచూపు మేర నేలయే లేని మహాసముద్రముపై రేడియో పనిచేయకున్నచో దీపము చూపువా రెవరు? అట్టి యాపదలో చిక్కి కానరాకుండ పోయిన యొక ధీరవనిత చరిత్రమును ఈ పాఠమున తెలిసికొందము.

అమీలియా ఇయర్‌హార్ట్ 1897వ సంవత్సరము జూలై 24వ తేదీన అమెరికా దేశమందలి కాన్సాస్ రాష్ట్రమున, ఆచిసన్ పట్టణమున జన్మించెను. తండ్రి న్యాయవాది. చిన్ననాడే ఆమె సాహసప్రియురాలు. ఒకనాడు పెరటికొట్టము కప్పునుండి నేలకు వాలుగా పలకలు బిగించి, కొయ్యపెట్టెలో కూర్చుండి, రివ్వున జారెను. పెట్టె విరిగెను, పెదవి చిట్లెను, గౌను చినిగెను. బాలిక మాత్రము ఎగిరినంత సంతోషముతో లేచి వచ్చెను. తండ్రి మద్యమునకు లోబడుటచే ఆ కుటుంబ మూరూర తిరుగవలసివచ్చెను. మొదటి ప్రపంచయుద్ధ కాలమున ఆమె కెనడా దేశములోని టొరాంటో నగరమున గాయపడిన సైనికులకు ఆసుపత్రిలో సేవచేసెను.

1920వ సంవత్సరము డిసెంబరు 28వ తేదీన కాలిఫోర్నియాలో తొలిసారిగా విమానమెక్కెను. ఆ విహారము పది నిమిషములు మాత్రమే. దిగునప్పటికే తాను విమానము నడపవలెనని నిశ్చయించుకొనెను. టెలిఫోను కార్యాలయమున పనిచేసి కూడబెట్టిన ధనముతో నేటా స్నూక్ అను వైమానికురాలియొద్ద శిష్యరికము చేసెను. పిదప పసుపుపచ్చని చిన్న విమానమొకటి కొని, దానికి కెనరీపిట్ట పేరు పెట్టుకొని, 1922వ సంవత్సరమున 14,000 అడుగుల ఎత్తునకు ఎగిరెను. అంతకుముందు ఏ స్త్రీయు అంత ఎత్తునకు విమానము నడపి యుండలేదు.

1928వ సంవత్సరమున ఇద్దరు పురుషులతో కూడి అట్లాంటిక్ మహాసముద్రమును విమానమున దాటెను. విమానమున ఆ సముద్రమును దాటిన మొదటి స్త్రీ ఆమెయే. లోకమెల్ల పొగడెను గాని, విమానము నడిపినది తాను కాదు గనుక ఆ కీర్తి ఆమెకు రుచింపలేదు. మోయబడిన సరకుతోనే తన్ను పోల్చుకొనెను. ఈ నిజాయితీయే నాకామెయందు గౌరవమును కలిగించినది. నాలుగేండ్లకు, 1932వ సంవత్సరము మే నెలలో, తానొక్కతెయే అదే సముద్రముపై ఎగిరెను. ఎత్తు తెలుపు యంత్రము చెడెను. రెక్కలపై మంచు పేరుకొనెను. ఇంజను పొగగొట్టపు అతుకు విడి మంటలు కనబడెను. దాదాపు 15 గంటల పిమ్మట ఐర్లండు ఉత్తరభాగమున నొక పచ్చికబయలులో క్షేమముగా దిగెను.

ఇక మిగిలినది భూప్రదక్షిణము. భూమధ్యరేఖకు చేరువగా లోకమును చుట్టి రావలెనని సంకల్పించి, రెండు ఇంజనుల లాక్‌హీడ్ ఎలెక్ట్రా విమానమును సిద్ధపరచుకొనెను. మొదటి ప్రయత్నము 1937వ సంవత్సరము మార్చి నెలలో హోనొలూలూలో విమానము దెబ్బతినుటచే ఆగిపోయెను. ఆ యాత్రలో రేడియో విద్య బాగుగా నెఱిగిన హ్యారీ మానింగ్ అను నావికుడు తోడుగా నుండెను. విమానము బాగుపడులోగా అతడు సెలవు తీసికొనెను. మార్గము నిర్ణయించుటలో దిట్టయైన ఫ్రెడ్ నూనన్ ఒక్కడే మిగిలెను. అతడు సూర్యుని, నక్షత్రములను చూచి విమాన మెచ్చటనున్నదో చెప్పగల నేర్పరి. కాని టకటక ధ్వనులతో వార్త పంపు మోర్స్ సంకేతములయందు అతనికిని, ఆమెకును పరిచయ మంతంతమాత్రమే. ఉపయోగింపలేని దానికి బరువేలయని ఆ మీటను దించివేసిరి. దూరమునకు వార్త పంపుటకై విమానము వెనుక వ్రేలాడవలసిన పొడవైన తీగను గూడ తీసివైచిరి.

జూన్ 1వ తేదీన మయామీ నగరమునుండి తూర్పుగా బయలుదేరిరి. దక్షిణ అమెరికాను, ఆఫ్రికాను దాటి కరాచీ చేరి, 17వ తేదీన కలకత్తాలో దిగిరి. అది మన దేశమున ఋతుపవనముల కాలము. బర్మాలోని అక్యాబ్ దాటినంతనే వాన యెంత యుద్ధృతముగా కొట్టెననగా, రెక్కల యంచుల రంగు ఊడిపోయెనట! వారు వెనుకకు మఱలి అక్యాబ్‌లోనే దిగవలసివచ్చెను. రంగూన్, సింగపూర్, జావా మీదుగా నెలాఖరునకు న్యూగినియాలోని లే పట్టణము చేరిరి.

అచ్చటనుండి పసిఫిక్ మహాసముద్రమున నున్న హౌలండ్ ద్వీపమునకు పోవలెను. దూరము సుమారు 4,100 కిలోమీటర్లు. ఆ ద్వీపము పొడవు సుమారు రెండు కిలోమీటర్లు మాత్రమే. ఎత్తు ఇరువది అడుగులు. వారికి దారిచూపుటకై అమెరికా తీరరక్షక నౌక ఇటాస్కా ఆ ద్వీపము చెంత నిలిచియుండెను.

విమానముపై గుండ్రని కమ్మివంటి ఏరియల్ ఒకటి అమర్చబడెను. దానిని త్రిప్పుచు వినుచుండగా ఒక స్థానమున ధ్వని మిక్కిలి క్షీణించును. దానినిబట్టి ధ్వని ఏ దిక్కునుండి వచ్చుచున్నదో తెలియును. జూలై 1వ తేదీన లే పట్టణముపై ఎగిరి ఆమె దానిని పరీక్షించెను. ధ్వని ఎచ్చటను తగ్గలేదు. రేడియో కేంద్రము మిక్కిలి దగ్గరగా నుండుటచే నిట్లగుచున్నదని తలచి ఊరకుండెను. యంత్రము చెప్పిన ఆ చిన్న హెచ్చరికను లెక్కచేయకుండుట పొరపాటని నాకు తోచుచున్నది.

జూలై 2వ తేదీ ఉదయము పది గంటలకు విమాన మెగిరెను. రాత్రి గడచెను. దినరేఖను దాటుటచే హౌలండ్‌లో తెల్లవారినదియు జూలై 2వ తేదీయే. నౌకలోని వారి కామె కంఠస్వరము గంటగంటకు స్పష్టమగుచుండెను. వారు పదే పదే బదులు పలికిరి. ఆమెకు వినబడలేదు. 7 గంటల 42 నిమిషములకు తాము ద్వీపమునొద్దనే యుండవలెననియు, నౌక కనబడుట లేదనియు, ఇంధనము తగ్గిపోవుచున్నదనియు తెలిపెను. కంఠస్వర మంత బిగ్గరగా వినబడుటచే నావికులు మీదికి పరుగెత్తి ఆకాశమంతయు వెదకిరి. నౌక బాయిలరులనుండి నల్లని పొగ విడిచిరి. విమానము కానరాలేదు.

ఆమె 7500 కిలోసైకిళ్లపై సంకేతము పంపుడని కోరెను. వారు పంపిరి. ఎనిమిది గంటల వేళ ఆ ధ్వని ఆమె చెవిని పడెను! నౌకనుండి ఆమె విన్నట్లు తెలిపినది ఇదొక్కటియే. కాని అంత హెచ్చు సంఖ్యగల తరంగమునకు ఆ కమ్మి దిక్కు చూపలేదు. ఆమె ధ్వనినిబట్టి తామే దిక్కు కనుగొందమని నౌకవారు యత్నించిరి. ఆమె పలుకులు క్షణకాలమున ముగియుచుండెను. దీవిపై నుంచిన యంత్రపు బ్యాటరీలు నీరసించియుండెను. ఇరుపక్షములవారును ఏ తరంగముపై, ఏ రీతిని మాటలాడవలెనో ముందుగా తేటపరచుకొనలేదు. ఈ దోషము ఆమె యొక్కతెది మాత్రము కాదు. 8 గంటల 43 నిమిషములకు, తాము ఒక రేఖ వెంబడి ఉత్తర దక్షిణములుగా ఎగురుచున్నామని తెలిపెను. పిదప మరల మాట వినబడలేదు. మరి 22 దినములు గడచిన ఆమెకు నలువది యేండ్లు నిండెడివి.

యుద్ధనౌకలును విమానములును జూలై 19వ తేదీవరకు సముద్రమును గాలించెను. ఏమియు దొరకలేదు. 1939వ సంవత్సరము జనవరి 5వ తేదీన న్యాయస్థానము ఆమె మరణించినట్లు ప్రకటించెను. నాటినుండి నేటివరకు వెదకువారు వెదకుచునే యున్నారు. సముద్రగర్భమున విమానమువలె తోచిన యాకార మొకటి 2024వ సంవత్సరమున శిలయని తేలినది. హౌలండ్ ద్వీపమున నిప్పుడు జనులు లేరు. ఆమె పేరిట కట్టిన దీపస్తంభ మొకటి మాత్రము, దీపము లేక, పగటిపూట దారి గుర్తుగా ఆ తీరమున శిథిలమగుచు నిలిచియున్నది.