పేరు నిలబెట్టిన పంతులుగారు

రాజమహేంద్రవరానికి చేరువలో, మద్రాసు నుండి కలకత్తా పోయే రైలుమార్గం మీద కడియం అనే గ్రామమున్నది. అక్కడా, చుట్టుపట్ల కడియపులంక, బుర్రిలంక, వేమగిరి మొదలైన గ్రామాలలోనూ పెరిగే పూలమొక్కలు, పండ్ల అంటులు లారీలకెక్కి దూరప్రాంతాలకు ప్రయాణం చేస్తుంటాయి. ఎక్కడో పరరాష్ట్రంలో ఒక గృహస్థు మామిడి అంటు కొంటాడు. అది కాపుకు రావడానికి కొన్ని సంవత్సరాలు పడుతుంది. కాయ పుల్లనిదో తియ్యనిదో కొన్ననాడు తెలుసుకొనే మార్గం లేదు. అయినా అది కడియం మొక్క అని వినగానే ఆయన సందేహం తీరిపోతుంది. ఆయన కొన్నది మొక్కను మాత్రమే కాదు, ఒక పేరును కూడా. ఆ పేరు వెనుక ఎందరో తోటమాలుల మాట జామీనుగా నిలిచి ఉన్నది.

మందు సంగతీ ఇంతే. సీసా మూత తీసి చూసినంతమాత్రాన దాని గుణం తెలియదు. కొనేవానికి ఆధారం పైనున్న పేరొక్కటే. వ్యాపారంలో పేరుకు గల ఈ శక్తిని తెలుగువారిలో అందరికంటె ముందు గుర్తించి, దానిని పెంచి, ఆ పెంపువల్ల వచ్చిన ఫలాన్ని జాతికి పంచిపెట్టిన మహనీయుడు దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు.

బాల్యము, విద్య

పంతులుగారు కృష్ణాజిల్లా ఎలకుర్రు గ్రామంలో 1867వ సంవత్సరం మే నెల 1వ తేదీన జన్మించారు. తండ్రి బుచ్చయ్యగారు, తల్లి శ్యామలాంబగారు. స్వగ్రామంలోను, బందరులోను చదువుకొని, చెన్నపట్టణం వెళ్లి క్రైస్తవ కళాశాలలో చేరి 1891లో పట్టభద్రులయ్యారు. విద్యార్థిదశలోనే కందుకూరి వీరేశలింగం పంతులుగారి వివేకవర్ధనిలోని వ్యాసాలు వారి మనస్సును ఆకర్షించాయి. ఒక పత్రిక ఒక జాతి ఆలోచనను ఎట్లు మార్చగలదో వారు ఆ పుటలలోనే గ్రహించి ఉంటారు.

ఆ రోజులలో పట్టభద్రుడైన తెలుగు యువకునికి సర్కారు కొలువే పరమార్థం. కోర్టులోనో కచేరీలోనో కుర్చీ దొరికితే జన్మ తరించినట్లే. వ్యాపారం చదువుకున్నవారు చేయదగినది కాదన్న అభిప్రాయం బలంగా ఉండేది. నాగేశ్వరరావుగారు ఆ దారి విడిచి వర్తకం వైపు అడుగు వేశారు. మొదట చెన్నపట్టణంలో చిన్నగా వ్యాపారం ప్రారంభించారు. పిదప కలకత్తా వెళ్లి కొంతకాలం మందుల వ్యాపారంలో మెలకువలు నేర్చుకున్నారు. అక్కడినుండి బొంబాయి చేరి విలియం కంపెనీ అనే వర్తక సంస్థలో ప్రవేశించి, తమ దక్షతచేత క్రమంగా పైకి వచ్చారు. అయితే ఇతరుల పేరుతో నడిచే సంస్థలో ఎంత ఎదిగినా వారికి తృప్తి కలుగలేదు.

ఒక పేరు పుట్టుక

1893లో, ఇరవైయారేండ్ల వయస్సులో, వారు బొంబాయిలో ఒక తలనొప్పి మందును తయారుచేసి దానికి అమృతాంజనం అని పేరు పెట్టారు. ఈ పేరును కొంచెం ఆగి పరిశీలించడం విద్యార్థులకు ఉపయోగకరం. అమృతమంటే తెలియనివారు లేరు. అంజనం అంటే కాటుక, పూత అని అర్థం. పోయిన వస్తువు జాడ తెలుసుకోవడానికి పల్లెలలో వేసేదికూడా అంజనమే. కాబట్టి ఆ మాటలో మందు గుణంతోపాటు కొంత మహిమకూడా వినిపిస్తుంది. పైగా రెండూ సంస్కృత శబ్దాలు కావడంచేత తెలుగువానికి, మరాఠీవానికి, గుజరాతీవానికి, అరవవానికి ఒక్కతీరుగా అర్థమవుతాయి. సీమసరుకు, సీమపేర్లు రాజ్యమేలుతున్న కాలంలో, ఇంటిలోని పెద్దవారు పెట్టినట్లుండే ఒక దేశీయనామాన్ని ఎన్నుకోవడం సామాన్యమైన వివేకం కాదు.

పేరొక్కటే చాలదని కూడా పంతులుగారికి తెలుసు. ఆనాడు మన దేశంలో అక్షరం వచ్చినవారు బహు తక్కువ. లేబులు చదవలేనివారు సరుకును ఎట్లు గుర్తుపడతారు? అమృతాంజనం పసుపుపచ్చని రంగు, కర్పూరం కలిసిన ఆ ఘాటైన వాసన, అరచేతిలో ఇమిడే చిన్న గాజుసీసా, ఇవే నిరక్షరాస్యునికి లేబులు. కళ్లు మూసుకున్నా ముక్కు చెప్పేది అది ఏ మందో. ప్రారంభంలో సంగీతసభలలో దీనిని ఉచితంగా పంచిపెట్టించారని ప్రసిద్ధి. ఒకసారి నుదుట రాసుకొని ఉపశమనం పొందినవారు రెండవసారి అంగడికి వెళ్లి ఆ పేరే అడుగుతారు. ప్రకటన ఒకసారి అమ్మగలదు. మరల మరల అమ్మగలిగేది గుణమే. ఈ రెంటికీ గల తేడాను గుర్తించడంవల్లనే వారి వ్యాపారం అనతికాలంలో దేశమంతటా వ్యాపించి, వారిని లక్షాధికారిని చేసింది.

తెలుగు ఇండ్లలో ఏ కంపెనీ తలనొప్పి మందునైనా అమృతాంజనం అని పిలవడం కూడా వాడుకలోకి వచ్చింది. ఒక సరుకు పేరు ఆ జాతి సరుకులన్నిటికీ సామాన్యనామం కావడం వర్తకునికి గొప్ప గౌరవం. అదే సమయంలో అది ఒక ప్రమాదంకూడా. అడిగేది ఒకటి, అంగడివాడిచ్చేది మరొకటి కావచ్చు. ఆ ప్రమాదానికి విరుగుడు సరుకు గుణాన్ని ఏనాడూ తగ్గనీయకపోవడమే.

మందు పోషించిన పత్రిక

1907లో సూరతులో జరిగిన కాంగ్రెసు మహాసభకు పంతులుగారు హాజరయ్యారు. మితవాదులు, అతివాదులు చీలిపోయిన ఆ సభ చూసి వచ్చిన పిమ్మట, దేశపరిస్థితులను తెలుగువారికి తెలుగులో చెప్పే పత్రిక అవసరమని వారికి దృఢంగా తోచింది. 1908లో బొంబాయినుండి ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించారు.

ఇక్కడకూడా పేరు గమనించదగినది. అప్పటికి ఆంధ్రరాష్ట్రం లేదు. తెలుగువారు మద్రాసు రాజధానిలోను, నైజాము రాజ్యంలోను, ఇతర ప్రాంతాలలోను చెదిరి ఉన్నారు. బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ జరిగింది 1913లో. ఆంధ్రరాష్ట్రం అవతరించింది 1953 అక్టోబరు 1వ తేదీన. అంటే రాష్ట్రం పుట్టడానికి నలభై అయిదేండ్ల ముందే, తెలుగుదేశానికి దూరంగా ఉన్న బొంబాయిలో, ఆ పేరు వారం వారం అచ్చవుతూ పాఠకుల ఇండ్లకు చేరుతూ వచ్చింది. లేని వస్తువుకు పేరు పెట్టి అమ్మేవాడు వంచకుడనిపించుకుంటాడు. రాబోయే వస్తువుకు ముందుగా పేరు పెట్టి, దానిని రప్పించడానికి జీవితాంతం శ్రమించేవాడు ద్రష్ట అనిపించుకుంటాడు. పంతులుగారు రెండవ కోవకు చెందినవారు.

1914 ఏప్రిల్ 1వ తేదీన ఆంధ్రపత్రిక మద్రాసునుండి దినపత్రికగా వెలువడింది. కొద్ది నెలలకే ప్రథమ ప్రపంచయుద్ధం ఆరంభమైంది. యుద్ధవార్తలకోసం జనం ఆతురతతో ఎదురుచూస్తున్న ఆ సమయంలో తెలుగునాట ఆ పత్రికకు విశేషమైన ఆదరణ లభించింది. 1924 జనవరిలో భారతి మాసపత్రిక వెలసింది. ఆనాటి పండితులలో, కవులలో భారతిలో తమ రచన అచ్చుకావాలని కోరనివారు అరుదు. 1926లో ఆంధ్ర గ్రంథమాల స్థాపించి, పాల్కురికి సోమనాథుని బసవపురాణంవంటి ప్రాచీన గ్రంథాలను సామాన్యులకు అందుబాటులోకి తెచ్చారు. కొమర్రాజు లక్ష్మణరావుగారు 1923లో కీర్తిశేషులు కాగా ఆగిపోయిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం పనినికూడా వారు తలకెత్తుకున్నారు.

వీటికన్నిటికీ ధనమెక్కడిది? పత్రికలు, గ్రంథాలు ఆ రోజులలో లాభాలు తెచ్చే వ్యాపారాలు కావు. తలనొప్పితో బాధపడే ఒక రైతో, ఒక గుమాస్తానో అంగడిలో ఇచ్చిన అణాలే చేరి చేరి భారతి పుటలయ్యాయి, బసవపురాణమయ్యాయి, పల్లెటూరి గ్రంథాలయంలో పుస్తకమయ్యాయి. మందు పేరు చెడితే పత్రిక నిలువదు. పత్రిక మాట తప్పితే మందు పేరుకూ మచ్చ. ఇట్లు ఒకే మనిషి పరువుమీద రెండు సంస్థలు ఆధారపడి నడిచాయి.

దేశోద్ధారకుడు

పంతులుగారు 1924 నుండి 1934 వరకు ఆంధ్ర కాంగ్రెసు సంఘానికి అధ్యక్షులుగా ఉన్నారు. ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని కారాగారవాసం అనుభవించారు. ఆ చెరలోనే భగవద్గీతకు వ్యాఖ్యానం రచించారు. ధనవంతులైన వర్తకులు దొరతనానికి దూరంగా ఉండడానికే జంకే కాలంలో, వ్యాపారాన్ని పణంగా పెట్టి వారు చేసిన సాహసమిది.

వారి దానశీలానికి అంతులేదు. గ్రంథాలయాలు, పాఠశాలలు, పేద విద్యార్థులు, కష్టాలలో ఉన్న రచయితలు, ఎవరు వచ్చినా రిక్తహస్తాలతో తిరిగిపోలేదంటారు. గాంధీమహాత్ముడు వారిని విశ్వదాత అని మెచ్చుకున్నారు. ప్రజలు దేశోద్ధారక బిరుదంతో సత్కరించారు. 1935లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదమిచ్చి గౌరవించింది. 1937 నవంబరు 16వ తేదీన కోస్తా, రాయలసీమ నాయకులు సమావేశమై, రాబోయే ఆంధ్రరాష్ట్రాన్ని గురించి ఒడంబడిక చేసుకున్నది మైలాపురంలోని వారి శ్రీబాగ్ భవనంలోనే. అందువల్లనే దానికి శ్రీబాగ్ ఒడంబడిక అని పేరు వచ్చింది. తరువాత అయిదు నెలలైనా గడవకముందే, 1938 ఏప్రిల్ 11వ తేదీన, పంతులుగారు పరమపదించారు.

మొదట లోకం వారిని అమృతాంజనం నాగేశ్వరరావుగారని పిలిచింది. చివరకు దేశోద్ధారకులని పిలిచింది. ఈ మార్పు ఏ ప్రకటన వలననూ రాలేదు. ఆ పేరును వారు కొనలేదు, జీవించి సంపాదించుకున్నారు.

పంతులుగారి తరువాత

వారి అనంతరం ఆ రెండు పేర్ల చరిత్ర రెండు దారులు పట్టింది. అల్లుడు శివలెంక శంభుప్రసాదుగారు ఆంధ్రపత్రిక భారాన్ని వహించి 1972లో కీర్తిశేషులయ్యేవరకు నడిపారు. ఈలోగా కాలం మారింది. 1938లో ఆంధ్రప్రభ, 1960లో ఆంధ్రజ్యోతి వచ్చాయి. 1974లో విశాఖపట్టణంలో వెలువడిన ఈనాడు జిల్లావార్తలకు ప్రాధాన్యమిచ్చి తెల్లవారేసరికి గుమ్మంలో పడసాగింది. పాఠకుని అలవాటు మారింది. ఎంత గొప్ప పేరైనా పాఠకుని నిన్నటి అవసరాన్ని మాత్రమే తీరుస్తుంటే, దానికి నమస్కరించేవారుంటారు గాని చందా కట్టేవారుండరు. 1991లో ఆంధ్రపత్రిక, భారతి రెండూ ఆగిపోయాయి.

మందు మాత్రం నిలిచింది. 1936లో పబ్లిక్ కంపెనీగా రూపొందిన అమృతాంజన్ సంస్థ 2007లో అమృతాంజన్ హెల్త్ కేర్ అని తన పేరు మార్చుకున్నది. ఒక్క తలనొప్పి మందుకే పరిమితం కాక ఆరోగ్యానికి సంబంధించిన ఇతర వస్తువులవైపు విస్తరించడం దీని ఉద్దేశం. ఇందులో గమనించవలసినది ఏమంటే, కొత్తమాట చేర్చారేగాని పాతమాట విడువలేదు.

పేరు విషయంలో పొరబడితే ఎంతవారికైనా శిక్ష తప్పదు. అమెరికాలోని కోకాకోలా కంపెనీ 1985 ఏప్రిల్‌లో తన పానీయం రుచిని మార్చింది. జనం తీవ్రంగా నిరసించగా, మూడు నెలలైనా తిరగకముందే, జూలైలో పాత రుచిని మరల తెచ్చింది. మన హైదరాబాదులో సత్యం అనే పేరుతో 1987లో వెలసిన కంప్యూటరు సంస్థ, తన లెక్కలు అసత్యాలని 2009 జనవరిలో బయటపడగానే కుప్పకూలింది. దానిని తీసుకున్నవారు కొంతకాలం మహీంద్రా సత్యం అని పిలిచి, 2013లో తమ సంస్థలో కలుపుకొనగా ఆ మాట అదృశ్యమైంది. పేరుకు సత్యమని ఉన్నంతమాత్రాన చాలదు. మరొకవైపు, పంతులుగారు చదువుకున్న బందరులోనే పట్టాభి సీతారామయ్యగారు 1923లో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు, ప్రజల నమ్మకానికి పాత్రమై ఉండికూడా, 2020లో యూనియన్ బ్యాంకులో విలీనమై పేరు కోల్పోయింది. తప్పు చేసిన పేరే కాదు, తప్పు చేయని పేరుకూడా ఒక్కొక్కప్పుడు పోతుంది.

కడియం తోటలలో అంటు కట్టే పనివాడు ఈ రహస్యాన్ని ప్రతిదినం చేతితో చేసి చూపుతాడు. నేలను పట్టుకొన్న వేరుమొక్కను ఉంచి, దానిమీద మేలుజాతి కొమ్మను కలిపి కట్టు కడతాడు. వేరు బలంగా ఉంటే కొత్త కొమ్మ చిగురిస్తుంది. వేరును నరికి కొమ్మను మాత్రమే పాతితే నాలుగు రోజులు పచ్చగా కనిపించి ఎండిపోతుంది. వేరు బాగున్నదిగదా అని కొత్త కొమ్మ కట్టకుండా వదిలితే మేలైన కాపు రాదు. వ్యాపారసంస్థలు పేరు మార్చుకోవడంలోని జయాపజయాలు ఈ పనిలోనే ఇమిడి ఉన్నాయి.

చెన్నపట్టణం మైలాపురంలో పంతులుగారి పేరుతో ఒక ఉద్యానవనం ఉన్నది. అందులో సాయంకాలం తిరిగేవారిలో చాలామందికి ఆ పేరుగల మనిషి ఎవరో తెలియకపోవచ్చు. తలనొప్పి వచ్చినప్పుడు మాత్రం చేయి అలవాటుగా ఆ పసుపుపచ్చని మందుసీసాకోసం వెదకుతుంది. ఆ సీసా తెరిచినప్పుడు వచ్చే వాసనతోపాటు, దానిమీద వచ్చిన ధనంతో ఒకనాడు ఒక భాషకు పత్రికలు, గ్రంథాలు, ఒక జాతికి పేరు సమకూడాయన్న సంగతిని ఉపాధ్యాయులు తమ విద్యార్థులకు చెప్పగలిగితే, పంతులుగారు పెట్టిన పేరు మరికొంతకాలం సార్థకంగా నిలుస్తుంది.